కుండీలో మెంతికూర, కంచంలో ముద్ద

ఈ వారం నా బల్లమీద రెండు ఉత్తరాలున్నాయి. ఒకటి ఆళ్లగడ్డ నుంచి, రెండోది నంద్యాల నుంచి. ఒకే రోడ్డుమీద 40 కిలోమీటర్ల ఎడంలో ఉన్న ఈ ఇద్దరూ ఒకరికొకరు తెలియదు. కాని ఇద్దరూ అడిగింది ఒకటే: పసివాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని కుండీల్లో కూరలు వేయవచ్చునా అని. అందుకని ఇద్దరికీ కలిపి జవాబు వ్రాస్తున్నాను. మీ ఇంట్లోనూ ఆకుకూర చూడగానే మూతి తిప్పుకునే బుజ్జిగాడుంటే మీరూ చదవండి.

ప్రశ్న: మా బాబుకు నాలుగున్నరేళ్లు. ఆకుకూర నోట్లో పెడితే ఉమ్మేస్తాడు. పాలు మాత్రం రోజుకు నాలుగైదు గ్లాసులు త్రాగుతాడు. సాయంత్రం వాళ్ల నాన్నతోపాటు టీలో బన్ను ముంచుకుని తింటాడు. గోడ సున్నం గీకి తినడం రెండుమూడుసార్లు చూశాను. రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.2 ఉందన్నారు. ఐరన్ సిరప్ వ్రాసిచ్చారు. పది రోజులు పోశాను. విరేచనం నల్లగా అవుతుంటే భయపడి మానేశాను. మాది అద్దె ఇల్లు, పెరడు లేదు. మేడమీద నాలుగు కుండీలు పెట్టుకునే చోటుంది. వాడిచేతనే ఆకుకూరలు వేయించి వండిపెడితే తింటాడు, రక్తం పడుతుంది అంటోంది మా ఆడబిడ్డ. మట్టిలో చేతులు పెట్టిస్తే కడుపులో పురుగులు పడతాయంటున్నారు మా అత్తగారు. నేను ఎవరి మాట వినాలి?
- ఒక తల్లి, ఆళ్లగడ్డ

జవాబు: ఇద్దరి మాటా సగం సగం వినండి అమ్మా! మీ ఆడబిడ్డ చెప్పినట్లు కుండీలు పెట్టండి. మీ అత్తగారు చెప్పినట్లు జాగ్రత్త పడండి. కాని ముందు చేయవలసిన పని ఈ రెండూ కాదు. మానేసిన సిరప్ మళ్లీ మొదలుపెట్టాలి.

ఐదేళ్లలోపు పిల్లలకు హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటాం. 9.2 అంటే ఓ మోస్తరు రక్తహీనత. ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 60 మందికి పైగా రక్తహీనత ఉన్నట్లు తేలింది. అందరికీ ఉన్నదే కదా అని ఊరుకోవడానికి వీల్లేదు. రక్తం తక్కువైన పిల్లవాడు త్వరగా అలసిపోతాడు, చిరాకు పడతాడు, బడిలో వేసినా మనసు పెట్టలేడు.

సిరప్ పోస్తే విరేచనం నల్లబడటం మామూలే. అది జబ్బు కాదు, ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము బయటకు పోవడం. మీ డాక్టరుగారు చెప్పిన మోతాదులోనే, కడుపు మరీ నిండుగా లేనప్పుడు పోయండి. పాలతోగాని టీతోగాని ఇవ్వకండి. నాలుగు చుక్కల నిమ్మరసం కలిపిన నీళ్లు పైన త్రాగించండి. పళ్లు గారపట్టకుండా వెంటనే నోరు పుక్కిలించమనండి. నెల తర్వాత మళ్లీ రక్తం పరీక్ష చేయించండి. అంకె పెరిగింది గదా అని ఆపేయకూడదు. మామూలు స్థాయికి వచ్చాక కూడా రెండు మూడు నెలలపాటు వాడాలి. ఇంకొక్క మాట! తియ్యగా ఉంటుందని పిల్లవాడు సీసా ఎత్తి త్రాగేస్తే ప్రాణానికే ప్రమాదం. ఆ సీసాను వాడికి అందని అలమారలో పెట్టండి.

ఇక అసలు దొంగలు మీ ఉత్తరంలోనే ఉన్నారు. ఒకటి పాలు, రెండోది టీ. పాలల్లో సున్నం ఉంది గాని ఇనుము దాదాపు లేదు. నాలుగైదు గ్లాసుల పాలతో కడుపు నిండినవాడికి అన్నం మీదికి మనసు ఎలా పోతుంది? ఈ వయసుకు రోజుకు రెండు గ్లాసులు చాలు. టీ అయితే తిండిలో ఉన్న కాస్త ఇనుమును కూడా ఒంటికి పట్టనివ్వదు. బన్ను పెట్టండి, టీ మానిపించండి. వాళ్ల నాన్నగారు కూడా కొన్నాళ్లు వాడి ఎదుట త్రాగకుండా ఉంటే మేలు.

కుండీ ఏం చేస్తుంది, ఏం చేయదు?

మేడమీద నాలుగు కుండీల కూరతో ఇంటిల్లిపాదికీ సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు తినే పెద్దమనిషికి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు కావాలి. బేసిన్ నిండా పెంచిన మెంతికూర కోస్తే ఒక పూట పప్పులోకి వస్తుంది. అంతే! సంతలో కూరలు కొనడం మానలేరు.

ఆకుకూరల్లో ఉన్న ఇనుము కూడా ఒంటికి పట్టేది కొంతే. పక్కన నిమ్మకాయో, టమాటానో, జామపండో ఉంటే ఇంకొంచెం పడుతుంది. కాబట్టి కుండీలో కూర సిరప్‌కు బదులు కానేకాదు.

మరి కుండీ ఎందుకంటారా? పిల్లవాడి నోరు తెరిపించడానికి! కొత్త రుచిని పిల్లలు ఒకటి రెండుసార్లు కాదనడం సహజం. పది పదిహేనుసార్లు కంటబడి, ముక్కుకు తగిలి, నాలుకకు ఆనాక గాని ఆ రుచి వాళ్లది కాదు. మనం మూడోసారికే "వీడు తినడు" అని తేల్చేస్తాం. తాను విత్తి, తాను నీళ్లు పోసి, రోజూ పొద్దున్నే చూసుకున్న ఆకైతే అది కంచంలోకి రాకముందే ఇరవైసార్లు పరిచయం అయిపోతుంది. తాను గిల్లిన ఆకును నోట్లో పెట్టి చూస్తాడు. ఒకసారి నోట్లోకి వెళ్లిందంటే, సంతలో కొన్న కూరకు కూడా దారి పడినట్లే. కుండీ చేసే అసలు మేలు అది.

మీ అత్తగారి భయం సంగతి

మీ అత్తగారిని చాదస్తం అనకండి. రక్తం తక్కువైన పిల్లలు సున్నం, మట్టి, బలపాలు తినడం మామూలు. మీవాడికి ఆ అలవాటు ఉందని మీరే వ్రాశారు. అటువంటివాడి చేతికి ఇవాళే మట్టి ఇవ్వకండి. మొదటి రెండు మూడు వారాలు మట్టి లేని పని చెప్పండి. మీ పోపులపెట్టెలోని మెంతులు గుప్పెడు నానబెట్టి తడిగుడ్డలో కట్టించండి. రెండుమూడు రోజుల్లో తెల్లటి మొలక కనబడుతుంది. అది వాడికి మొదటి పంట. సిరప్ పనిచేస్తున్నకొద్దీ సున్నం మీద మోజు తగ్గిపోతుంది. తగ్గాక మట్టి దగ్గరికి రానివ్వండి.

కడుపులో పురుగుల విషయం కూడా నిజమే. కొంకిపురుగు పిల్లలు మట్టిలోంచి ఉత్తకాళ్లలోకి దూరతాయి. ఏలికపాముల గుడ్లు గోళ్లలోని మట్టితో నోట్లోకి పోతాయి. కొంకిపురుగు పేగులోంచి రక్తం పీలుస్తుంది. మందు చాలా సులువు. 2015 నుంచి మన దేశంలో నులిపురుగుల నివారణ దినం జరుపుతున్నారు. ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ అంగన్‌వాడీల్లో, బడుల్లో ఆల్బెండజోల్ బిళ్ల ఉచితంగా ఇస్తారు. క్రితంసారి తప్పిపోయి ఉంటే ఏ.ఎన్.ఎం.ను గాని డాక్టరును గాని అడగండి. చిన్నపిల్లలకు బిళ్లను పొడిచేసి నీళ్లలో కలిపి ఇవ్వాలి, లేకపోతే గొంతులో అడ్డుపడుతుంది.

మట్టి పని చేసేటప్పుడు కాళ్లకు చెప్పులు, కత్తిరించిన గోళ్లు, పని కాగానే సబ్బుతో చేతులు. ఈ మూడూ మరువకండి. పచ్చిపేడ ముట్టనివ్వకండి. ఏడాదిన్నర వయసులో ఇచ్చే డి.పి.టి. బూస్టరు, మళ్లీ ఐదు నిండాక ఇచ్చేదీ వేయించారో లేదో టీకాల కార్డు తీసి చూసుకోండి. ధనుర్వాతానికి భయపడనక్కరలేదు.

ప్రశ్న: మా పాపకు మూడేళ్లు. అద్దెకు రెండో అంతస్తులో ఉంటాం. పత్తి పండించే మా బంధువు ఒకరు పురుగుమందు ఖాళీ డ్రమ్ములు నాలుగు తెచ్చిచ్చారు. శుభ్రంగా కడిగి, సగానికి కోసి కుండీలు చేద్దామనుకుంటున్నాను. మా వీధిలో ఇద్దరికి డెంగీ వచ్చింది. కుండీలు పెడితే దోమలు పెరుగుతాయని ఇంటి యజమాని వద్దంటున్నారు. ఆయన మాట నిజమేనా?
- ఒక తండ్రి, నంద్యాల

జవాబు: దోమల సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ డ్రమ్ములను ఇంట్లోంచి బయటకు పంపండి. ఎన్నిసార్లు కడిగినా మందు ప్లాస్టిక్కులో ఇంకిపోయే ఉంటుంది. అది మట్టిలోకి, అక్కడ నుంచి పాప చేతులకూ నోటికీ చేరుతుంది. 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసినట్లు పరీక్షల్లో తేలింది. ఆ మందు ఉంచిన డబ్బాలో నూనె పోసి ఉంటారని అధికారులు చెప్పారు. ఆ మందు డబ్బాలు మన పత్తిచేల గట్లమీద కూడా కనిపించేవే. మీ బంధువుకు కూడా చెప్పండి. ఖాళీ అయిన డబ్బాను మూడుసార్లు తొలిచి, ఆ నీళ్లు పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడిచి ఎందుకూ పనికిరాకుండా చేయాలి. నీళ్లకు, గింజలకు, కుండీలకు వాడకూడదు. పాత రంగుల డబ్బాలు కూడా వద్దు. వాటిలో సీసం ఉండవచ్చు.

ఇంట్లో ఉన్న ఓటి బకెట్టు, చీలిన బేసిన్, బియ్యం వచ్చిన సంచి, మట్టికుండ ఇవన్నీ పనికొస్తాయి. ఆకుకూరలకు జానెడు లోతు చాలు. టమాటాకు అడుగు లోతు కావాలి. అడుగున చిటికెనవేలు దూరేటన్ని చిల్లులు నాలుగైదు పెట్టండి. 15 లీటర్ల బకెట్ నిండా తడిమట్టి పోస్తే 20 కిలోల పైమాటే. మేడకప్పు నడుమ కాకుండా గోడ వెంబడి, ఇటుకలమీద ఎత్తి పెట్టండి. తడి కప్పులోకి దిగదు, యజమానికి కోపం రాదు. అయితే పిట్టగోడకు ఆనించి మాత్రం పెట్టవద్దు! మూడేళ్ల పాపకు అది మెట్టు అవుతుంది. ఎక్కి తొంగిచూస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు గదా. మెట్లగది గోడ దగ్గరైతే క్షేమం. నీళ్లు నింపిన బకెట్టును కూడా పాప దగ్గర వదలకండి. చిన్న చెంబుతో పోయించండి.

మీ యజమాని చెప్పిన దోమల మాట కొంత నిజం. డెంగీ దోమ మురుగులో కాదు, మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. కుండీలోని మట్టిలో పెరగదు. కుండీ కింద పెట్టే పళ్లెంలో నిలిచిన నీళ్లలో పెరుగుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి పళ్లేలు పెట్టకండి. పెట్టక తప్పకపోతే వారానికొకరోజు ఒంపేసి, పీచుతో రుద్ది, ఎండబెట్టండి. ఊరికే ఒంపితే చాలదు, గుడ్లు అంచుకు అంటుకుని నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. మన రాష్ట్రంలో శుక్రవారం డ్రై డే అని చెబుతుంటారు. ఆ రోజే పెట్టుకోండి. ఈ మాట మీ యజమానితో చెప్పి, నీళ్ల తొట్టికి మూత కూడా అడగండి.

ఇద్దరికీ కలిపి: మొదటి నెల పని

మీవైపు దొరికేది నల్లరేగడి. చేలో అది బంగారమే గాని కుండీలో ఇబ్బంది పెడుతుంది. తడిస్తే జిగురై నీళ్లు దిగనివ్వదు, ఎండితే నెర్రెలిచ్చి వేళ్లు తెంపుతుంది. రేగడి ఒక పాలు, ఇసుక కలిసిన ఎర్రమట్టి ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలపండి. ఎరువు వాసన లేకుండా పొడిపొడిగా ఉండాలి. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే చోట దొరికే రాతిపొడిని ఇసుకకు బదులు వాడకండి. ఆ ధూళి పీలిస్తే పిల్లల ఊపిరితిత్తులకే కాదు, పెద్దలకూ మంచిది కాదు.

విత్తనాలకు వంటింటి మెంతులు, ధనియాలు చాలు. దుకాణంలో కొన్న పొట్లాల్లో ఎర్రగానో నీలంగానో రంగు పూసిన గింజలుంటే వాటికి మందు పట్టించారన్నమాట. వాటిని పిల్లల చేతికి ఇవ్వకండి. చిక్కుడు గింజలవంటి పెద్దగింజలు కూడా మూడేళ్లవాళ్లకు వద్దు, ముక్కులో దూర్చుకుంటారు.

మొదటి పంట మెంతికూరే కావాలి. ఎందుకంటే పిల్లలకు ఓపిక తక్కువ! రాత్రి నానబెట్టి, పొద్దున చల్లి, అరంగుళం మట్టి కప్పితే నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది. మూడు వారాలు దాటితే కోయవచ్చు. దాని వెనక తోటకూర వేయండి. నెలకు కోతకు వస్తుంది, మొదలు ఉంచి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. వర్షాలు తగ్గి చలి మొదలయ్యే అక్టోబరు, నవంబరు నెలల్లో మెంతి, పాలకూర, టమాటా బాగా వస్తాయి. నంద్యాల ఎండలు మీకు తెలియనివి కావు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు టమాటా పూత రాలిపోతుంది. గోంగూర, తోటకూర, బచ్చలి వేసి, మధ్యాహ్నం పూట పాత చీర నీడ కట్టండి. నీళ్లు పోయడం, మొక్కల పని ఉదయమే. ఎండపొద్దున పిల్లల్ని మేడమీదికి తీసుకుపోకండి.

పేనుబంక పడితే నీళ్లు చిమ్మి కడిగేయండి. ఇంట్లో తినే కూరకు పురుగుమందు మాట తలపెట్టవద్దు. వేపనూనె కొట్టాలంటే పిల్లలు పడుకున్నాక కొట్టి, సీసా తాళం వేసి పెట్టండి. చెట్టు మందే కదా అనుకోకండి. పసివాళ్ల కడుపులోకి పోతే అది మూర్ఛలు తెప్పిస్తుంది. పిల్లలు ఏ మందైనా మింగారనిపిస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయక, 108కి ఫోన్ చేసి, సీసాతో సహా ఆసుపత్రికి వెళ్లండి.

కోసిన రోజు

కోత పిల్లల చేతనే కోయించండి. కడగడం కూడా వాళ్లే. ఆకును మూడు నీళ్లలో కడిగి, కందిపప్పులో వేసి మెత్తగా ఎనిపి, తాలింపులో చెంచాడు నూనె వేయండి. ఆకులోని విటమిన్ 'ఎ' ఒంటికి పట్టాలంటే నూనె ఉండాలి. (1970 నుంచి మన దేశంలో పిల్లలకు విటమిన్ 'ఎ' మందు ఆరు నెలలకోసారి పోస్తున్నారు. ఐదేళ్లు నిండేదాకా అది కూడా తప్పనివ్వకండి.) దించాక నిమ్మకాయ పిండండి. వేడి అన్నంలోనో, జొన్నరొట్టెలోనో, కొర్రన్నంలోనో పెట్టండి. 1906 నుంచి నంద్యాలలో ఉన్న వ్యవసాయ పరిశోధనా స్థానం 'సూర్యనంది' అని మంచి కొర్ర రకాన్నే ఇచ్చింది. మీ ఊరి పంట మీ పిల్లలు తినకపోతే ఎలా! మాంసాహారం తినేవాళ్లయితే గుడ్డు, వారానికోసారి మాంసమో కాలేయమో పెట్టండి. వాటిలోని ఇనుము ఆకుకూరల ఇనుముకంటే బాగా ఒంటబడుతుంది.

"ఇది తింటే చాక్లెట్టిస్తా" అనకండి. అలా అంటే ఆకుకూర శిక్ష, చాక్లెట్టు బహుమతి అని మీరే నేర్పినట్లవుతుంది. నోట్లో కుక్కకండి. మీరంతా అదే పప్పు తింటూ వాళ్ల కంచంలో ఒక చిన్న ముద్ద పెట్టండి. తింటే మెచ్చుకోండి. తినకపోతే మాట్లాడక తీసేసి, నాలుగు రోజులాగి మళ్లీ పెట్టండి.

ఆళ్లగడ్డ అమ్మగారికి చివరి మాట. పిల్లవాడు బాగా పాలిపోయినా, నడిస్తే ఆయాసపడినా, కాళ్లు వాచినా నెల ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. అటువంటివి లేకపోతే ఇవాళ రెండు పనులు చేయండి: సిరప్ సీసా బయటకు తీయండి, గుప్పెడు మెంతులు నానబెట్టండి. గోడమీది కేలెండరులో సిరప్ పోసిన రోజుకు మీరొక గీత, మొలకకు నీళ్లు పోసిన రోజుకు వాడొక గీత గీయండి. గీతలు నెల నిండేసరికి రక్తం పరీక్షకూ వేళవుతుంది, మెంతికూర కోతకూ వేళవుతుంది. మీ అత్తగారిని కూడా పిలిచి, సబ్బు పెట్టి చేతులు కడిగించే పని ఆవిడకు అప్పగించండి. అవ్వ ఎదుట మనవడు తప్పించుకోలేడు!